సున్నా పారలు

పల్లపుకోడూరులో పడిన వాన ఎటు పోతుందని దేవుణ్ణి అడిగినా, "ఉండండి, చూసి చెబుతాను" అనే అంటాడు. అంత చదునైన నేల అది. ఊరి ఈ చివర నిలబడితే ఆ చివర ఎవరు చుట్ట కాలుస్తున్నారో తెలుస్తుంది. మైలు నడిచినా జానెడు పల్లం దొరకదు. పైగా సముద్రం మూరెడు పైకొచ్చి కూర్చున్నాక, నల్లేరు మురుగు కాలువలో నీళ్ళు బయటికి పోవాలంటే పోటు తగ్గేదాకా ఆగాల్సి వస్తోంది. పోటు తగ్గగానే కాలువ మొగలో తలుపులు తెరవాలి, ఆరు గంటల తరువాత పోటు పెరిగేలోగా మూసెయ్యాలి. ఆ తలుపులు తెరిచి మూసే లస్కరు తానేటి సువార్తమ్మ.

మనిషి పొట్టి, మాట పొడుగు. మొగుడు పోయాక ఆయన ఉద్యోగంలోకి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇల్లు కాలువ పక్కనే ఉన్న కాలనీలో. ఊరంతా చదునే అయినా ఆ చదునులోనే కాస్త పల్లం ఎక్కడుందో వెతికి మరీ అక్కడ కాలనీ కట్టించిన మహానుభావులెవరో గాని, సువార్తమ్మ వాళ్ళని తలుచుకోని వానాకాలం లేదు. కాలనీని ఆనుకుని ఎకరంన్నర కౌలు చేను, ఎనిమిది ఇళ్ళవతల అక్క మార్తమ్మ, ఆవిడ మేకలు, ఇంట్లో ఒక్కగానొక్క కూతురు కెజియా. సువార్తమ్మ సంసారం అంతే.

కెజియా నీటి శాస్త్రంలో డాక్టరేటు చేసి, ఊరి పొలిమేరలో పాడుబడ్డ లాకుల బంగళాలోనే ప్రయోగశాల పెట్టింది. ఆమె తయారుచేసిన వస్తువు పేరు జలగింజ. పెసరగింజంత ఉంటుంది. నీళ్ళలో తేలుతుంది, పక్క గింజ ఎటు ఎంత జరిగిందో వెంట్రుకవాసి తేడాతో పసిగడుతుంది, ఆ కబురు బంగళాలోని యంత్రానికి చేరవేస్తుంది. ఊడ్పుల్లో ఆడవాళ్ళు నారుతో పాటు వాటిని గుప్పెళ్ళతో చల్లారు. నాలుగు వేల ఎకరాల్లో రెండు లక్షల గింజలు. పడిన వాన ఏ చేలోంచి ఎప్పుడు బయల్దేరి కాలువకి ఎప్పుడు చేరుతుందో ఇక గంటలతో సహా చెప్పొచ్చు.

"మా అమ్మాయి నీళ్ళకి టైంటేబుల్ రాసిందండి," అని సువార్తమ్మ చెప్పని మనిషి లేడు. "రైళ్ళకైనా ఉందా అంత నికరం?"

ఆ శ్రావణంలో వాయుగుండం వచ్చింది. పొద్దున్న ఆరింటికి కెజియా గొంతు ఊరి మైకుల్లో వినిపించింది. "కాలువ నిండటానికి ముప్పై గంటలు పడుతుంది. కాలనీ వాళ్ళు రేపు పొద్దున బడిలోకి వెళితే సరిపోతుంది. ఎవరూ కంగారు పడొద్దు."

నీళ్ళు తొమ్మిది గంటల్లో వచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి కాలువ పొర్లి కాలనీలో నడుముల్లోతు నిలిచింది. అందరూ ఎలాగో బయటపడ్డారు, మార్తమ్మ తప్ప. "మన కెజియా రేపని చెప్పిందిగా" అని నింపాదిగా అన్నం వండుకుంటున్న మనిషి, నీళ్ళు చూసి మేకల తాళ్ళు విప్పడానికి పెరట్లోకి పరిగెత్తింది. నానిన గోడ మీద పడింది.

కెజియా నెల రోజులు సరిగా అన్నం తినలేదు. నీరు తీసిన మూడో రోజున చేలన్నీ తిరిగింది. గట్లన్నీ చక్కగా ఉన్నాయి. మరి ఆ రోజు తెర మీద, పల్లం లేనిచోట గింజలు ఎందుకు పరుగెత్తాయి? ఆరు నెలలు లెక్కలు తిరగేసింది. గింజలదే లోపమని తేల్చుకుంది. గింజలు తను చేసినవి కాబట్టి పెద్దమ్మని చంపింది తనేనని కూడా తేల్చుకుంది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ క్యారేజీ పట్టుకుని బంగళాకి వెళ్ళేసరికి, కెజియా గింజల్ని గోనెసంచుల్లోకి ఎత్తుతోంది. బల్ల మీద ఉత్తరం ఉంది. ప్రయోగశాల మూసేస్తున్నానని పైవాళ్ళకి రాసింది.

"ఏంటే ఇది?"

"నాకు చేతకాలేదమ్మా." కెజియా గ్లాసు తీసుకుని నీళ్ళు నల్లరాతి గచ్చు మీద ఒంపింది. నీళ్ళు పరుచుకుని అట్టే నిలబడ్డాయి. "చూడు. ఎటెళ్ళాలో వాటికే తెలీదు. నీరు చేరే కాలం లెక్కలో పల్లంతో భాగించాలి. పల్లం సున్నా అయితే కాలానికి అంతు ఉండదు, లెక్క ఆగిపోతుంది. అందుకని పుస్తకాల్లో పల్లానికి ఒక పిసరు కలుపుతారు. ఆ పిసరు అసలేంటో ఎవరూ చెప్పరు. గింజలతో నేను అది కొలిచాననుకున్నాను. కొలవలేదు. కొలవకుండానే మైకులో చెప్పేశాను."

సువార్తమ్మ క్యారేజీ కింద పెట్టింది. ఆరు నెలలుగా కూతురికి చెప్పకుండా దాచిన మాట ఒకటి ఉంది. చెబితే, అక్కని ముంచిన చెయ్యి ఎవరిదో కూతురికి తెలుస్తుంది. చెప్పకపోతే, కూతురు బతుకంతా ఆ చెయ్యి తనదే అనుకుంటుంది. ఊళ్ళో ఎవరి దగ్గరా తల దించని మనిషి, గచ్చు మీద చతికిలబడింది. నీళ్ళ అంచున వేలు పెట్టి గుమ్మం దాకా గీత గీసింది. కదలకుండా పడున్న నీళ్ళు ఆ తడి గీత పట్టుకుని గుమ్మం వైపు పాకాయి.

"ఇదే నీ పిసరు," అంది.

"ఏది?"

"పార. ఆ రోజు మన చేను గట్టు నేనే తెగ్గొట్టేనే."

కెజియా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ముప్పై గంటలకి కాలవ నిండుద్దని నువ్వు చెప్పేవు. నిండేక మన చేలో నీళ్ళు ఎక్కడికెల్తాయి? ఊడ్చి పదిహేను రోజులు కాలేదు, నారు కుళ్ళిపోద్ది. కాలవలో చోటున్నప్పుడే మన నీళ్ళు తోసేద్దావనుకున్నాను. ఎకరంన్నర నీళ్ళకి ఏం మునిగిపోద్దిలే అనుకున్నాను. మర్నాడు పూడ్చేసేను. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

కోడూరులో అదొక కట్టుబాటు. వానల్లో గట్టు తెంపినవాడు నీరు తియ్యగానే పూడ్చేస్తాడు. ఎవరు తెంపారని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కెజియా ఈ ఊళ్ళోనే పుట్టింది, అది తెలియక కాదు. ఒకటో రెండో తెగుతాయని లెక్కలో వేసింది కూడా.

కెజియా గచ్చు మీది తడి గీత వైపే చూస్తూ అడిగింది. "ఎన్నింటికి కొట్టావు?"

అక్క సంగతి అడుగుతుందని, తిడుతుందని, ఏడుస్తుందని అనుకున్న సువార్తమ్మకి ఆ ప్రశ్న చురుక్కుమంది. "నువ్వు మైకులో చెప్పిన అరగంటకి."

కెజియా లేచి యంత్రం ముందు కూర్చుంది. ఆ రోజు ఆరున్నర గంటల పటం తెర మీదకి తెచ్చింది. కాలువ పక్క ఎకరంన్నరలో గింజలు ఒక మూలకి పరుగు తీస్తున్నాయి. ఆమె పటం మొత్తం తెరిచింది. ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య అలాంటి మూలలే ఇంకా, ఇంకా కనిపించాయి. ఆమె వేలితో లెక్కపెట్టుకుంటూ పోయింది. అరవై మూడు.

"అమ్మా," అంది. "నువ్వొక్కదానివే కాదు. ఇదివరకు నీళ్ళెప్పుడు వస్తాయో ఎవరికీ తెలీదు కాబట్టి తలో రోజు తెంపేవారు. నేను టైం చెప్పాను, అందరూ ఒకే గంటలో తెంపారు. నేను చెప్పిన మాటే నా లెక్కని తప్పించింది." అప్పుడు ఏడ్చింది. తల్లి భుజం మీద తల పెట్టుకుని, పెద్దమ్మ పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. సువార్తమ్మకి తను ఏడవాలో, కూతురి తెలివికి మురిసిపోవాలో తెలియక రెండూ చేసింది.

లోపం పట్టుకోవడం ఒక ఎత్తు, ఊరి చేత ఒప్పించడం ఇంకో ఎత్తు. కోడూరులో సాగునీటికి వంతులున్నాయి. కాలువకి నీరొదిలితే ఎవరి చేను ఎప్పుడు తడవాలో తాతల నాటి నుంచి వరస ఉంది, ఆ వరస తప్పినవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు. మురుగుకి మాత్రం వంతు లేదు. ఎవడి నీళ్ళు వాడు పక్కవాడి మీదకి తోసెయ్యడమే. మురుగుకి కూడా వంతులు పెట్టాలని కెజియా ఆలోచన. కానీ వంతు పెట్టాలంటే ముందు గండ్లు కొట్టామని ఒప్పుకోవాలి.

నీటి సంఘం మీటింగులో యాభై ఎకరాల ఆసామి, సంఘం ప్రెసిడెంటు నరసరాజు గారు గొంతు సవరించుకున్నారు. "గట్లు తెగ్గొట్టారంటున్నావు కెజియా. ఎవరు చూశారు?"

సువార్తమ్మ లేచి నిలబడింది. "నేను చూసేనండి. ఒకటి నేనే కొట్టేను. మా అక్క చచ్చిపోయింది."

అందరి కళ్ళూ చెప్పుల మీదకి దిగాయి. కాలనీ నుంచి వచ్చిన లస్కరు మనిషి నిలువునా నిలబడి చెప్పిన మాట అది. దాని ముందు కూర్చుని ఉండటం నరసరాజు గారికి చేతకాలేదు. ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. చెయ్యి పైకెత్తారు. "నావి మూడు," అన్నారు. ఆ తరువాత ఒకరొకరే ఎత్తారు. బయట పాన్‌షాపు దగ్గర నిలబడి తనకేం పట్టనట్టున్నవాడు కూడా లోపలికొచ్చి ఎత్తిపోయాడు.

మళ్ళీ శ్రావణం వచ్చింది, మళ్ళీ వాయుగుండం. ఈసారి కాలనీలో ముసలీ ముతకా పిల్లా జెల్లా ముందురోజే బడిలోకి చేరారు. అందరి చేల గట్లూ మూసి ఉన్నాయి. ప్రతి మడీ వానని కడుపులో దాచుకుని కూర్చుంది. ఏ చేను ఎప్పుడు వదలాలో యంత్రం వరస రాసింది. కాలువకి దూరంగా ఉన్నవి ముందు, దగ్గరున్నవి వెనక. అన్నిటికన్నా ఆఖరు సువార్తమ్మ ఎకరంన్నర, ఐదో రోజున. దాని నీళ్ళు వదిలితే సూటిగా కాలనీ తూము దగ్గరే పడతాయి మరి.

పొద్దున ఎనిమిదింటికి కాలువల ఇంజనీరు గారు కెజియాకి ఫోను చేశారు. "పదింటిలోగా ఒక మాట చెప్పమ్మా. కాలువ అవతలి గట్టు తెంపమంటావా, వద్దా?"

అవతలి గట్టు తెంపితే కాలనీ బతుకుతుంది, ఆ పక్క నాగులంకలో మూడు వందల ఎకరాలు మునుగుతాయి. కెజియా యంత్రంలో ఇప్పుడు కొత్త గడి ఒకటి చేరింది. పారలు. ఈ రోజు వంతు తప్పి ఎన్ని పారలు పడతాయో మనిషి చెప్పాలి, యంత్రం చెప్పలేదు. సున్నా వేస్తే సాయంత్రం ఐదుంబావుకి కాలువ కాలనీ తూముకి రెండు వేళ్ళ కిందకి వచ్చి ఆగుతుంది. పది వేస్తే కాలనీలో మోకాల్లోతు. సున్నా వేశాక నిజంగా పది పడితే ఎనభై ఇళ్ళు రెండోసారి మునుగుతాయి. జలగింజ మాట ఇక ఈ భూమ్మీద ఎవరూ వినరు.

కెజియా చెయ్యి ఆ గడి దగ్గరే ఆగిపోయింది. "ఎంత వెయ్యనమ్మా?"

"నా పారకి నేను పూచీ," అంది సువార్తమ్మ. తన పార తెచ్చి బంగళా వరండాలో పడేసింది. "మిగతావాళ్ళని అడుగు, మైకుందిగా."

కెజియా అడిగింది. వంతు దాకా ఆగేవాళ్ళని పార తెచ్చి బంగళాలో పెట్టమంది. తొమ్మిది దాటేసరికి వానలో గోనెపట్టాలు కప్పుకుని మనుషులు రావడం మొదలైంది. పార పెట్టడం, వెళ్ళడం. కొందరు పిడి మీద పేరు చెక్కుకున్నవి తెచ్చారు. ఒక ముసలాయన తన పారతో పాటు కొడుకు పార కూడా లాక్కొచ్చాడు. పది నిమిషాలు తక్కువ పదింటికి కెజియా లెక్కపెట్టింది. గండి కొట్టినవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ వచ్చారు.

రానిది నరసరాజు గారు. సువార్తమ్మ గొడుగు కూడా లేకుండా ఆయన చేను గట్టు మీదకి వెళ్ళింది. ఆయన పార భుజాన వేసుకుని వానలో నిలబడి ఉన్నారు.

"రాజుగారూ, మీ పార రాలేదండి."

"రాదు. పార లాగేసుకోవడానికి నేనేమన్నా దొంగనా? మీటింగులో అందరిలో చెయ్యెత్తాను. ఎత్తినవాడి మాట చాలదా సువార్తా?"

యాభై ఎకరాల నీళ్ళు. ఆ ఒక్క పారతో కాలనీ తేలిపోతుంది. సువార్తమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు తిప్పుకోలేదు.

"చాలండి," అంది. తిరిగొచ్చి కూతురితో చెప్పింది. "సున్నా వెయ్యి."

కెజియా సున్నా వేసింది. అవతలి గట్టు తెంపొద్దని ఇంజనీరు గారికి చెప్పింది.

మధ్యాహ్నం పన్నెండింటికి సువార్తమ్మ మొగలో తలుపులు తెరిచి వచ్చింది. దారిలో తన చేను చూసుకుంది. నారు కొసలు కూడా కనపడలేదు. మనసు విలవిల్లాడింది. వేళ్ళతో గీరినా తెగే గట్టు అది, పార కూడా అక్కర్లేదు. ఆవిడ చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని బంగళా దాకా నడిచింది.

మూడింటికి తెర మీద నరసరాజు గారి చేలో గింజలు కదిలాయి. ఒక మూలకి పరుగు తీస్తున్నాయి.

"కొట్టేశాడమ్మా," అంది కెజియా.

సువార్తమ్మ పరిగెత్తింది. యాభై ఆరేళ్ళ మనిషి ఆ బురదలో పడుతూ లేస్తూ వెళ్ళేసరికి, గట్టులో మనిషి పట్టేంత గండి ఉంది. ఆ గండిలో నరసరాజు గారే ఉన్నారు. తెల్ల పంచె బురదలో కలిసిపోయింది. వీపు నీళ్ళకి అడ్డం పెట్టి, పారతో మట్టి లాగి తన కాళ్ళ చుట్టూనే వేసుకుంటున్నారు.

"ఎండ్రకాయ బొరియ!" అని అరిచారు. "చూస్తూ నిలబడతావేం, మట్టి తొయ్యి!"

ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి చేతులతో తోసింది. ఇద్దరూ కలిసి పూడ్చేసరికి అరగంట పట్టింది. ఆయన గట్టెక్కి ఆయాసపడుతూ పార చూపించారు. "ఇది నీ వరండాలో ఉంటే దేంతో పూడ్చేవాణ్ణి?"

"మీ మాటతో పూడ్చేవారులెండి," అంది సువార్తమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది.

కాలనీ తూము దగ్గర సాయంత్రం ఊరంతా చేరింది. నీళ్ళు పెరుగుతున్నాయి. తూము అంచుకి నాలుగు వేళ్ళు. మూడు. రెండు. అక్కడ ఆగాయి. ఎంతసేపు చూసినా అక్కడే ఉన్నాయి, ఆ తరువాత రాయి మీద తడి గీత వదిలి దిగడం మొదలెట్టాయి. ఎవరో ఈల వేశారు. కెజియా గడియారం చూసుకుని ముఖం ముడుచుకుంది.

"పన్నెండు నిమిషాలు ముందొచ్చిందమ్మా. లెక్క తప్పింది."

"నీ లెక్కేం తప్పలేదు. అది ఎండ్రకాయ. దానికి మైకు వినపడదు," అంది సువార్తమ్మ, అందరికీ వినపడేలా. చంకనెత్తుకుని ఈ కాలువ గట్టునే తిప్పిన పిల్ల అది. ఆ పిల్ల మాట మీద ఇవాళ రెండూళ్ళు నిలబడ్డాయి.

ఐదు రోజుల పాటు వంతులు నడిచాయి. పేరు పిలవడం, పార తీసుకెళ్ళడం, గట్టు తెరవడం. ఒక్కడు వరస తప్పలేదు. ఐదో రోజు పొద్దున ఎండ కాస్తుండగా వరండాలో ఒక్క పారే మిగిలింది.

"ఆఖరి వంతు," అంది మైకులో కెజియా. "తానేటి సువార్తమ్మ గారు."

కూతురు తనని గారు అనడం అదే మొదటిసారి. సువార్తమ్మ పార భుజాన వేసుకుని ఊరి మధ్య నుంచి నడిచింది. చేలో నారు పసుపుపచ్చగా కుళ్ళి వాసన కొడుతోంది. ఇంకో పంటకారు దాకా వడ్ల గింజ రాదు, ఆవిడకి తెలుసు. బాధ లేదని ఎవరైనా అంటే అది అబద్ధం. గట్టు చుట్టూ జనం నిలబడి ఉన్నారు, నరసరాజు గారితో సహా. నిరుడు ఇదే గట్టుని అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయం చేసుకుని తెంపింది. ఇవాళ అందరి వైపూ ఒకసారి చూసింది.

"చూడక్కా," అని లోపల అనుకుని, పార ఎత్తింది.